బ్లాగు మీదే, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: కుట్టుమిషను వాడకం, చిన్నచిన్న రిపేర్ల గురించి మూడేళ్లుగా తెలుగులో బ్లాగు రాస్తున్నాను. 140 పోస్టులు అయ్యాయి. పోయిన నెల ఒక పాఠకురాలు మెయిల్ పెట్టారు, గూగుల్‌లో వెతికి నా పేజీ నొక్కితే జూదం సైటు తెరుచుకుంటోందని. నేను చూస్తే మామూలుగానే ఉంది. అది నిజమని తెలిసేసరికి వారం గడిచింది. సైటు చేసిపెట్టిన మా తమ్ముడి స్నేహితుడు ఏదో ఫైలు తీసేసి బాగుచేశాడు. డొమైన్ (సైటు పేరు), హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్ చోటు) అన్నీ అతనే చూసుకుంటాడు. సైటు రూపురేఖలకు డబ్బు కట్టాల్సిన థీమ్‌ను ఎక్కడో ఉచితంగా దొరికితే తెచ్చిపెట్టాడు కూడా. అదనపు పనులకు ప్లగిన్లనే చిన్న ప్రోగ్రాములు 31 ఉన్నాయి. ఇప్పుడు సైటు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది. పాఠకులు రోజుకు 200 దగ్గరే ఆగిపోయారు. రోజూ ఒక పోస్టు రాయమని ఒకరు, బ్లాగుల కాలం అయిపోయింది వీడియోలు చెయ్యమని ఇంకొకరు అంటున్నారు. మా లింకు పెడితే డబ్బిస్తామని మెయిల్స్ వస్తున్నాయి. అసలు కొనసాగించాలా, మూసేయాలా? కొనసాగిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? (పేరు ప్రచురించవద్దన్నారు)

జవాబు: నమస్కారం అండీ. రాసే ముందు మీ బ్లాగు తెరిచి ఒక సాయంత్రమంతా చదివాను. గుడ్డ కింద దారం ముద్ద కడితే అందరూ కింద దారం చుట్టి ఉండే బాబిన్‌నే అనుమానిస్తారని, తప్పు ఎక్కువసార్లు పై దారంలో ఉంటుందని, గుడ్డను అదిమిపట్టే మిషను పాదాన్ని పైకెత్తి దారాన్ని మొదటి నుంచి మళ్లీ ఎక్కిస్తే అది దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్య సరిగా కూర్చుంటుందని ఒక పోస్టులో రాశారు. చేత్తో పని చేసినవాళ్లు తప్ప అలా రాయలేరు. కాబట్టి కొనసాగించాలా, మూసేయాలా అన్న ప్రశ్నకు ముందే జవాబు చెబుతున్నాను: మూసేయకండి. కానీ ఓ రెండు వారాలు కొత్త పోస్టులు మాత్రం ఆపండి. తలుపు ఊడిపోయిన ఇంట్లో సామాను పెంచుకుంటూ పోవడం వల్ల లాభం లేదు.

ముందు ఆ జూదం సైటు సంగతి. మీకు కనిపించనిది మీ పాఠకులకు ఎందుకు కనిపించిందో అర్థమైతే సగం భయం పోతుంది. చొరబడినవాళ్లు పెట్టే కోడ్ వచ్చింది ఎవరో చూసుకుంటుంది. గూగుల్ నుంచి వచ్చారా, ఫోన్‌లో చూస్తున్నారా, ఇంతకుముందు ఒకసారి వచ్చి వెళ్లారా అని పరిశీలించి, కొత్తగా వచ్చినవాళ్లను మాత్రమే పక్క సైటుకు తోసేస్తుంది. అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్నవాళ్లకు, అడ్రసు టైపు చేసి నేరుగా వచ్చేవాళ్లకు మామూలు పేజీయే చూపిస్తుంది. సొంతదారు ఎంత ఆలస్యంగా గమనిస్తే వాళ్లకు అన్ని రోజుల లాభం. అందుకని ఇకమీదట నెలకు రెండుసార్లైనా మీ సైటును బయటివాళ్లలా చూడండి. ఇంట్లో ఇంకెవరిదైనా ఫోన్ తీసుకోండి, వైఫై ఆపేయండి, గూగుల్‌లో మీ పోస్టు విషయం వెతికి ఫలితం మీద నొక్కండి. ఆ మెయిల్ పెట్టినావిడకు మాత్రం తప్పకుండా కృతజ్ఞతలు రాయండి. ఇలాంటిది ఎదురైతే చాలామంది ఏమీ చెప్పకుండా వెళ్లిపోతారు, మళ్లీ రారు.

ఇది మీ మీద ఎవరో కక్షగట్టి చేసిన పని కాదు. ఇంటర్నెట్ మొత్తాన్ని జల్లెడ పడుతూ తిరిగే ప్రోగ్రాములు ఉంటాయి. ఫలానా ప్లగిన్ పాత వెర్షన్ ఎక్కడ ఉందో వెతుక్కుంటూ పోతాయి, దొరికినచోట దూరతాయి. ఆ సైటుకు రోజుకు పదిమంది వస్తారా, పదివేలమంది వస్తారా అని చూడవు. మీ బ్లాగును నడిపే సాఫ్ట్‌వేర్ పేరు వర్డ్‌ప్రెస్. 2017 జనవరి 26న వర్డ్‌ప్రెస్ ఒక పెద్ద లోపాన్ని సరిచేస్తూ 4.7.2 వెర్షన్ విడుదల చేసింది. అందరూ అప్‌డేట్ చేసుకునేందుకు సమయం ఉండాలని లోపం వివరాలు ఫిబ్రవరి 1 దాకా బయటపెట్టలేదు. అవి బయటికొచ్చిన కొద్ది రోజుల్లోనే లక్షల పేజీల మీద రాతలు మారిపోయాయి. మారిపోయినవన్నీ అప్‌డేట్ చేయని సైట్లే. నాది చిన్న బ్లాగు, నా జోలికి ఎవరొస్తారు అనుకోవడంలోనే ప్రమాదం ఉంది.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు ఆ థీమ్ దగ్గర. డబ్బు కట్టాల్సిన థీమ్‌ను తాళం విరగ్గొట్టి ఉచితంగా పంచేవాళ్లు ఊరికే పంచరు. చాలాసార్లు అందులో తమకో దొడ్డిదారి పెట్టుకుని మరీ ఇస్తారు. మీ సైటులోకి వాళ్లు అలాగే వచ్చారని ఇక్కడినుంచి నేను తేల్చి చెప్పలేను గానీ, నా మొదటి అనుమానం దాని మీదే. దొడ్డిదారి లేకపోయినా ఆ థీమ్‌కు అప్‌డేట్లు రావు, రేపు అందులో లోపం బయటపడితే సరిచేసేవాళ్లుండరు. దాన్ని ఈ వారంలోనే పూర్తిగా తీసేయండి. ఆపేసి పక్కన పెడితే చాలదు, సర్వర్ మీద ఫైళ్లు ఉన్నంతకాలం ప్రమాదమూ ఉన్నట్టే. దాని బదులు వర్డ్‌ప్రెస్ అధికారిక థీమ్‌ల జాబితాలో దొరికే ఉచిత థీమ్ ఒకటి పెట్టుకోండి. కాస్త సాదాగా ఉండొచ్చు. మీ పాఠకులు వచ్చేది సూది విరిగినప్పుడు కాబట్టి, హంగులు తగ్గాయని ఎవరూ బాధపడరు.

ఇక ఆ అబ్బాయి తీసేసిన ఫైలు. ఒక్క ఫైలు తీసేస్తే బాగుపడినట్టు కనిపించడం మామూలే, అసలు మనిషి లోపలే ఉండి ఉండొచ్చు. మీరు చూడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. వాడుకరుల జాబితాలో మీకు తెలియని అడ్మిన్ ఎవరైనా ఉన్నారా? ఫోటోలు మాత్రమే ఉండాల్సిన అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్లు (సర్వర్ మీద నడిచే కోడ్) కనిపిస్తున్నాయా? కనిపిస్తే ముందు వాటినే అనుమానించాలి. సర్వర్‌లో నిర్ణీత సమయానికి తనంతట తానే నడిచే పనుల జాబితా ఉంటుంది, తీసేసిన ఫైలును మళ్లీ పుట్టించే పని ఒకటి అందులో దాక్కుని ఉండొచ్చు. సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో సొంతదారులకు చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటు సొంతదారులుగా ఎవరెవరు నమోదయ్యారో కూడా చూడండి. చొరబడినవాళ్లు తమనే సొంతదారులుగా చేర్చుకోవడం ఎన్నోసార్లు జరిగింది, దీన్ని చాలామంది మర్చిపోతారు. గూగుల్‌లో ఇంగ్లిషులో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు రాసి వెతికితే గూగుల్‌కు తెలిసిన మీ పేజీలు చాలావరకు వస్తాయి. మీరు రాయని మందుల పేజీలు, తెలియని భాషల పేజీలు అందులో ఉంటే పని ఇంకా మిగిలినట్టే.

ఇవన్నీ చూశాక వర్డ్‌ప్రెస్ ఫైళ్లను, ప్లగిన్లను అధికారిక చోటు నుంచి కొత్తగా తెచ్చి పాతవాటి స్థానంలో పెట్టించండి. పాతవాటిని వెతికి వెతికి శుభ్రం చేయడం కంటే అదే నమ్మకమైన దారి. తర్వాత పాస్‌వర్డ్‌లు అన్నీ మార్చండి: సైటుది, హోస్టింగ్‌ది, రాతలన్నీ ఉండే డేటాబేస్‌ది, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది. సైటు అమరికలుండే కాన్ఫిగ్ ఫైలులోని రహస్య కీలు కూడా మార్చమని చెప్పండి. అవి మారితే అప్పటికి లాగిన్ అయి ఉన్న ప్రతి ఒక్కరూ ఒక్కసారిగా బయటపడతారు, చొరబడినవాళ్లు కూడా. సెర్చ్ కన్సోల్‌లో భద్రతా సమస్యల హెచ్చరిక ఉంటే, శుభ్రం చేశాక మళ్లీ పరిశీలించమని అక్కడినుంచే కోరవచ్చు.

పాస్‌వర్డ్‌ల గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్పేదే. ఒక చోట వాడింది ఇంకో చోట వాడకండి, పొడుగ్గా ఉండనివ్వండి, గుర్తుపెట్టుకునే పని పాస్‌వర్డ్ మేనేజర్‌కు అప్పజెప్పండి. అన్నిటికంటే ముందు మీ మెయిల్ ఖాతాకు రెండంచెల ధృవీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టుకోండి. మెయిల్ చిక్కితే 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కి మిగతావన్నీ మార్చేసుకోవచ్చు కదా. రోజూ పోస్టులు రాసుకోవడానికి అడ్మిన్ ఖాతా వాడకండి. ఎడిటర్ స్థాయిలో ఇంకో ఖాతా చేసుకుని దానితో రాయండి. అది పొరపాటున ఎవరి చేతిలోనైనా పడితే రాతలు చెడగొట్టగలరు గానీ ప్లగిన్లు ఎక్కించలేరు.

ఇప్పుడు మీరు మామూలు విషయంలా ఒక్క వాక్యంలో చెప్పేసినది, నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టినది చెబుతాను. డొమైన్, హోస్టింగ్ ఆ అబ్బాయే చూసుకుంటాడన్నారు. ఎవరి పేరు మీద ఉన్నాయి? ఏ మెయిల్‌తో నమోదయ్యాయి? అతని మీద నాకు అనుమానం ఏమీ లేదు, మీకు సాయమే చేశాడు. కానీ డాట్ కామ్ వంటి డొమైన్ల గడువు దగ్గరపడితే ఆ పేరును నమోదు చేసిన రిజిస్ట్రార్ సంస్థ సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు దాటాక ఐదు రోజుల్లోపు ఇంకోసారి గుర్తుచేయాలని నియమం ఉంది. ఆ మెయిల్స్ నమోదైన అడ్రసుకే వెళ్తాయి, మీకు రావు. అతను ఉద్యోగం మారి, ఆ మెయిల్ వాడటం మానేసి ఉంటే? కార్డు గడువు తీరి ఆటోమేటిక్ చెల్లింపు జరగకపోతే? గడువు దాటాక కొన్ని రోజుల వెసులుబాటు ఉంటుంది, అది రిజిస్ట్రార్‌ను బట్టి మారుతుంది. డొమైన్ తొలగించాక ఇంకో 30 రోజులు ఎక్కువ రుసుము కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆపైన 5 రోజులకు పేరు విడుదలైపోతుంది. మూడేళ్ల పాఠకులు, లింకులు ఉన్న పేరు కోసం కాచుకుని కూర్చునే ప్రోగ్రాములు ఉన్నాయి. అప్పుడు మీ పేరు మీదే, మీ పాత లింకుల మీదే, జూదం సైటు నడవచ్చు. ఆ పేరు వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం.

అందుకని మీ పేరున, మీ మెయిల్‌తో అదే రిజిస్ట్రార్ దగ్గర ఖాతా తెరిచి, డొమైన్‌ను అందులోకి మార్చమని ఆ అబ్బాయిని అడగండి. వేరే రిజిస్ట్రార్‌కు మార్చే ఆలోచన ఇప్పుడు వద్దు. యజమాని వివరాలు మార్చాక అలాంటి బదిలీకి 60 రోజులు ఆగాల్సి రావచ్చు. నమోదు చేసే మెయిల్ మాత్రం అదే డొమైన్‌తో నడిచేది కాకూడదు. డొమైన్ ఆగితే ఆ మెయిల్ కూడా ఆగుతుంది, లోపలికి వెళ్లే దారే మూసుకుపోతుంది. మీరు ఒప్పుకోకుండా డొమైన్ వేరే చోటికి మారకుండా ఆపే బదిలీ తాళం వేసి ఉంచండి, వీలైతే రెండుమూడేళ్లకు ఒకేసారి చెల్లించండి. హోస్టింగ్ కూడా ఇలాగే మీ పేరుకు రావాలి. ఆ తర్వాత ఆ అబ్బాయికి విడిగా ఒక లాగిన్ ఇవ్వండి, అతని సాయం అలాగే తీసుకోండి.

బ్యాకప్ గురించి చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నా మొదటి బ్లాగు ఒక చిన్న హోస్టింగ్ కంపెనీ దగ్గర ఉండేది. రోజూ బ్యాకప్ తీస్తామని వాళ్ల పేజీలో రాసి ఉంటే నిశ్చింతగా ఉన్నాను. ఒక ఉదయం సైటు లేదు, కంపెనీ సైటూ లేదు. వాళ్ల సర్వర్ పోయింది, దాంతోపాటు దాని మీదే ఉన్న బ్యాకప్ పోయింది. పాత వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వెతికి, ఒక్కొక్క పేజీ చేత్తో కాపీ చేసుకుంటూ నెలల తరబడి కూర్చున్నాను. రాతలు సగానికి పైగా దొరికాయి. ఫోటోలు చాలా మటుకు దొరకలేదు. అందులో మా నాన్న తీసినవి కొన్ని ఉన్నాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీకు అది రాకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

పెద్ద కంపెనీల దగ్గర ఉంటే ఇలా జరగదని చెప్పలేం. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ సంస్థ డేటా సెంటర్‌లో మంటలు లేచి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్నవాళ్లకు రెండూ పోయాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశారు. తీరా చూస్తే వాళ్లు పెట్టుకున్న ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఏదీ సరిగా పనిచేయడం లేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒకరు తీసుకున్న కాపీ ఉండబట్టి బయటపడ్డారు. అంత నిపుణులకే తమ బ్యాకప్ పనిచేయదని అవసరం వచ్చేదాకా తెలియలేదు.

మీ మటుకు మీరు చేయాల్సింది పెద్ద కష్టం కాదు. వారానికి ఒకసారి డేటాబేస్, అప్‌లోడ్స్ ఫోల్డర్ రెండూ కలిపి ఒక కాపీ మీ క్లౌడ్ ఖాతాకు వెళ్లేలా పెట్టుకోండి. నెలకు ఒకటి ఇంట్లో హార్డ్ డిస్క్‌లోకి దించుకోండి. వర్డ్‌ప్రెస్‌లో ఎగుమతి నొక్కితే వచ్చే ఫైలును చూసి అంతా వచ్చేసిందనుకోకండి. అందులో రాతలు ఉంటాయి, ఫోటోల అడ్రసులు ఉంటాయి, ఫోటోలు ఉండవు. కొత్త కాపీ వచ్చినప్పుడల్లా పాతది చెరిపేయడం కూడా తప్పే. మీ విషయంలోనే చూడండి, వారం దాకా గమనించలేదు. ఒకే కాపీ ఉండి ఉంటే అది పాడైన సైటు కాపీయే అయ్యేది. కనీసం మూడు నెలల వెనక్కి వెళ్లగలిగేలా ఉంచుకోండి. ఆరు నెలలకోసారి ఆ కాపీతో మీ కంప్యూటర్‌లోనో, పక్కనో ఉత్తుత్తి సైటు ఒకటి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా పెట్టేయండి. మీ సైటులో 31 ప్లగిన్లు ఉన్నాయని చెప్పారు. పదీ పన్నెండు చాలు. ఏడాది దాటినా అప్‌డేట్ రాని ప్లగిన్లు ముందు పోవాలి.

ఇంత దూరం వచ్చాం, ఇక పాఠకుల సంగతి. రోజూ ఒక పోస్టు రాయమన్న సలహా పక్కన పెట్టండి. మీకు ఇప్పటికే 140 ఉన్నాయి, వాటిలో చాలా పోస్టులు కావాల్సినవాళ్లకు కనపడటం లేదు. కారణం మీ శీర్షికలు. 'నా మిషను ముచ్చట్లు - 47' అని ఒకటుంది. తెరిస్తే కుట్లు ఎందుకు దాటిపోతాయో, సూది కొద్దిగా వంగినా, గుడ్డకు తగిన నంబరు కాకపోయినా ఏం జరుగుతుందో ఎంత చక్కగా రాశారో! కానీ మిషను ముందు కూర్చుని విసిగిపోయిన మనిషి 'ముచ్చట్లు 47' అని వెతకరు. 'మిషను కుట్లు దాటిపోతున్నాయి ఏం చేయాలి' అని వెతుకుతారు. ఆ మాటలనే శీర్షికగా పెట్టండి. జవాబు మొదటి పేరాలోనే ఇచ్చేయండి, కథ తర్వాత చెప్పండి. తొందరలో ఉన్నవాళ్లు జవాబు తీసుకుని పనిలోకి వెళ్తారు, మీ రాత నచ్చినవాళ్లు ఆగి చదువుతారు.

ఏ పోస్టుతో మొదలుపెట్టాలో ఊహించాల్సిన పని లేదు. సెర్చ్ కన్సోల్‌లో మీ పేజీలు ఏ మాటలకు ఎన్నిసార్లు కనిపించాయో, ఎంతమంది నొక్కారో ఉంటుంది. ఎక్కువసార్లు కనిపించి, తక్కువమంది నొక్కినవి వెతకండి. అంటే గూగుల్ మిమ్మల్ని వాకిలి దాకా తెచ్చింది, చూసినవాళ్లకు మాత్రం ఇది నా సమస్యే అనిపించలేదు. అలాంటివి పది తీసుకుని వారానికి ఒకటి చొప్పున తిరగరాయండి. నా అనుభవంలో పది కొత్త పోస్టుల కంటే పది పాత పోస్టుల మీద పెట్టిన శ్రమ ఎక్కువ ఫలించింది. సూదుల మీదే మీకు ఐదు పోస్టులున్నాయి, ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయి. వాటిని కలిపి ఒక మంచి పోస్టు చేయండి, మిగతా నాలుగు అడ్రసులను శాశ్వతంగా దానికి మళ్లించండి. ఆ మళ్లింపు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది, నేనైతే ఎప్పటికీ తీయను.

లింకుల విషయంలో తెలుగులో రాసే మనకు ఉన్న చిక్కు ఒకటి చెప్పాలి. వర్డ్‌ప్రెస్ శీర్షికనే లింకుగా మారుస్తుంది. ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు లింకులోకి వచ్చేసరికి తొమ్మిది అక్షరాల చోటు తీసుకుంటుంది. ఆ చోటుకు 200 అక్షరాల పరిమితి ఉంది. అంటే ఇరవై రెండు గుర్తులు దాటితే లింకు మధ్యలో తెగిపోతుంది. మీవి చాలా అలా తెగి ఉన్నాయి. ఎవరికైనా పంపితే శాతం గుర్తులతో బారెడు కనిపించి, అదేదో వైరస్ అనుకుని భయపడతారు. ఇకపై పోస్టు ప్రచురించే ముందే లింకును రెండుమూడు మాటల్లో ఇంగ్లిషు అక్షరాలతో మీరే రాసిపెట్టండి. పాతవాటిని ఊరికే మార్చకండి, ఎలాగూ తిరగరాస్తున్నప్పుడు మళ్లింపుతో సహా మార్చండి.

మీ ఫోటోలు బాగుంటాయి, కానీ ఫోన్‌లో తీసినవి తీసినట్టే ఎక్కించేస్తున్నారు. ఒక్కోటి ఐదారు ఎంబీ ఉంది. వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తక్కువ బరువు ఫోటో రూపంలో ఎక్కిస్తే బాగా తగ్గుతుంది, చూడటానికి తేడా తెలియదు. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలో కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. పెద్దపెద్ద ఫోటోలతో బలహీనమైన సిగ్నల్‌లో అది కుదరదు.

ఒక పోస్టు నుంచి ఇంకో పోస్టుకు మీరు దాదాపు ఎక్కడా లింకు ఇవ్వలేదు. దారం ముద్ద కట్టడం చదివినవాళ్లకు తర్వాత వచ్చే సందేహం దారం తెగిపోవడం గురించి. ఆ పోస్టు మీ దగ్గరే ఉంది, వాళ్లకు చెప్పండి. కొత్తగా మిషను కొన్నవాళ్లు ఏ వరసలో చదవాలో ఒక పేజీలో రాసిపెట్టండి.

ఇక పాఠకులను నిలుపుకోవడం. బ్లాగుల కొత్త పోస్టులను ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడినప్పుడు దాని ద్వారానే చదివే పాఠకులు ఎంతోమంది బ్లాగులకు ఒక్కరోజులో దూరమయ్యారు. సోషల్ మీడియాలోనూ అంతే. మీ పేజీని ఇష్టపడినవాళ్లందరికీ మీ పోస్టు చూపించాలా వద్దా అన్నది ఆ కంపెనీల చేతిలో ఉంటుంది. మెయిల్ జాబితా ఒక్కటే మీరు వేరే చోటికి మారినా మీతో వచ్చేది. ప్రతి పోస్టు చివర 'కొత్త పోస్టు వచ్చినప్పుడు మెయిల్ కావాలా' అని ఒక్క పెట్టె పెట్టండి. పేరు, ఫోన్ నంబరు అడగకండి, మెయిల్ అడ్రసు చాలు. వాళ్లు తమ మెయిల్‌లో ఒప్పుకున్నాకే జాబితాలో చేర్చండి. ఎప్పుడో ఏదో అడగడానికి రాసినవాళ్ల అడ్రసులు తెచ్చి కలపకండి, అది నమ్మకద్రోహం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ తమ వాడుకరులకు మెయిల్స్ పంపేవాళ్ల డొమైన్ ధృవీకరణను గట్టిగా అడుగుతున్నాయి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే రెండు అమరికలు డొమైన్ ఖాతాలో ఉండాలి, మెయిల్ పంపే సర్వీసు వాళ్లే అవి ఎలా పెట్టాలో చూపిస్తారు. డొమైన్ మీ చేతికి రావాలనడానికి ఇది ఇంకో కారణం. నెలకు ఒక ఉత్తరం చాలు. యాభైమందే చేరినా రాయండి, ఆ యాభైమంది తిరిగి రాసే సందేహాలే మీ తర్వాతి పోస్టులు.

లింకు పెడితే డబ్బిస్తామనే మెయిల్స్‌కు జవాబే ఇవ్వకండి. డబ్బు తీసుకుని పెట్టే లింకుకు అది ప్రకటన అని తెలిసేలా కోడ్‌లో గుర్తు పెట్టాలని గూగుల్ నియమం. 2019 నుంచి దానికోసం 'స్పాన్సర్డ్' అనే గుర్తు విడిగా ఉంది. వాళ్లకు కావాల్సింది ఆ గుర్తు లేని లింకు. దొరికితే శిక్ష పడేది మీ సైటుకు. పైగా ఆ లింకుల్లో కొన్ని మళ్లీ జూదం సైట్లవే. ఒకసారి మీ పాఠకులను అక్కడికి ఎవరో తోశారని ఇంత బాధపడ్డారు, రెండోసారి మీ చేత్తో పంపకండి. ప్రకటనల ఆదాయం గురించి 200 మంది దగ్గర ఆలోచించడం తొందరపాటు. రిపేరు బొమ్మలన్నీ కలిపి చిన్న పుస్తకంలా చేసి అమ్మడం ఎప్పటికైనా మీకు నప్పే దారి అనిపిస్తోంది.

వీడియోలు చెయ్యండి, తప్పేం లేదు. దారం ఎక్కించడం లాంటిది నిమిషం వీడియోలో చూపిస్తేనే బాగా తెలుస్తుంది. ఆ వీడియోను పోస్టులో పెట్టండి, వివరం కింద రాయండి. బ్లాగు మానేసి వీడియోలకే వెళ్లిపోతే మాత్రం మళ్లీ పరాయి తాళంచెవి కిందకే వెళ్తారు. ఇంకొక మార్పు మీరు అడగలేదు గానీ చెప్పాలి. 2024 మే నుంచి గూగుల్ కొన్ని ప్రశ్నలకు ఏఐ రాసిన సారాంశాన్ని ఫలితాల పైనే చూపిస్తోంది. 'ఏ గుడ్డకు ఏ నంబరు సూది' వంటి ఒక్క ముక్క జవాబులకు ఇక జనం లోపలికి రావడం తగ్గుతుందనే నేను అనుకుంటున్నాను. కానీ ఏళ్ల తరబడి వాడని మిషనులో గడ్డకట్టిన నూనెను మీరు ఎలా తీశారో, ఏ మర దగ్గర ఇరుక్కుపోయారో, దాని ఫోటోలతో సహా రాసిన పోస్టు ఉంది కదా. దాన్ని సారాంశం చేస్తే పని జరగదు, చదవడానికి మీ దగ్గరికే రావాలి. అలాంటివి నెలకు రెండు రాసినా చాలు.

వరస అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈ రోజు మెయిల్ పాస్‌వర్డ్, రెండంచెల ధృవీకరణ. రేపు మీ తమ్ముడి చేత ఆ అబ్బాయికి ఫోన్ చేయించి డొమైన్ మార్చే పని కదిలించండి, అది మాటల్లోనే రోజులు గడిచిపోయే పని. ఈ వారంలో థీమ్ తీసేయడం, శుభ్రం చేయించడం. దాని ముందూ తర్వాతా ఒక్కో బ్యాకప్. శుభ్రం కాకముందు తీసిన కాపీ మీద తేదీ వేసి విడిగా ఉంచండి, అది ఫోటోలూ రాతలూ పోకుండా ఉండటానికే గానీ సైటు తిరిగి నిలబెట్టడానికి కాదు. ఆ తర్వాత ఆ దారం ముద్ద పోస్టు తెరవండి. శీర్షిక 'ముచ్చట్లు - 12' అని ఉంది, మూడో ఫోటో తెరుచుకోవడం లేదు. పాదం పైకెత్తినప్పుడు టెన్షన్ బిళ్లలు విడిపోవడం కనిపించాల్సిన ఫోటో అదే. ముందు దాన్ని మళ్లీ తీసి పెట్టండి.